లాలాజలం మేడం చెప్పిన తప్పు

మా ఆయనకు నలభై ఆరేళ్ళ వయసులో గవదబిళ్ళలు వచ్చాయి. ఆయన నరసరావుపేట కోర్టులో వకీలు. రెండు దవడలూ చెవుల కింద బూరెల్లాగా వాచిపోయి మూడు రోజుల పాటు నోరు తెరవలేదు. పెళ్ళయ్యాక ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూసింది అదే మొదటిసారి. మా అత్తగారు దవడలకు పసుపు పట్టించి, తన మెడలో ఉన్న బంగారు గొలుసు తీసి కొడుకు మెడలో వేసింది. గవదబిళ్ళలకు బంగారు గొలుసు వేస్తే తగ్గుతుందని మా వైపు నమ్మకం. రోజూ నల్లకోటు వేసుకునే మనిషి పచ్చటి మొహంతో, ఆడవాళ్ళ గొలుసుతో మంచం మీద కూర్చుంటే ఆయన వైపు చూడకుండా ఉండటానికి నానా అవస్థ పడ్డాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మెత్తగా పప్పన్నం కలిపి ఇచ్చాను. నోరు చప్పబడి ఉంటుంది కదా అని ఒక పక్కన కాస్త నిమ్మకాయ పచ్చడి వేశాను. నాలుక్కి తగిలిందో లేదో, రెండు చేతులతో దవడలు పట్టుకుని కేక పెట్టాడు.

"ఏందే ఇది! ప్రాణం పోయింది!"

జాలి పడాల్సింది పోయి పకపకా నవ్వాను. "పులుపు తగిలితే లాలాజలం ఊరాలి. ఊరాల్సిన గ్రంథేమో వాచి కూర్చుంది. మరి నొప్పి పుట్టదూ?" అన్నాను. అన్నది నేనే కానీ ఆ మాట నాది కాదు, ఆ గొంతూ నాది కాదు. పోయిన ఏడాది చనిపోయిన మా జువాలజీ మేడంది. ఆ పూటంతా ఆవిడే గుర్తొచ్చారు.

ఆవిడ పేరు చెప్పినా మా ఊళ్ళో చానామందికి తెలియదు. మా డిగ్రీ కాలేజీలో ఎవరికైనా ఆవిడ లాలాజలం మేడమే. ఆ పేరు ఆవిడకూ తెలుసు. ఒకసారి ఎవరో బ్లాక్‌బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పెడితే, క్లాసులోకి వచ్చి చూసి, దీర్ఘం ఒకటి తప్పిందని దిద్ది పాఠం మొదలుపెట్టారు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గంజి పెట్టిన నూలు చీర, కుడిచేతికి గడియారం. ఎలుకను కోసే ముందు ఆ గడియారం విప్పి చేతిసంచిలో వేసుకునేవారు. అది విప్పారంటే ఇక ఎవరూ మాట్లాడకూడదు. పెళ్ళి చేసుకోలేదు. అక్కగారింట్లో ఉండేవారు. ఆదివారం చర్చి, మిగిలిన ఆరు రోజులూ ల్యాబు.

జీర్ణం పొట్టలో కాదు, నోట్లో మొదలవుతుందని ఆవిడ పట్టుదల. పుస్తకంలో ఉన్నదే కానీ ఆవిడ చెప్పే తీరు చూస్తే అందరం కలిసి ఆ సంగతి దాచిపెట్టామేమో అనిపించేది. మధ్యాహ్నం వరండాలో కూర్చుని అన్నం తింటున్న ఆడపిల్లల ముందు నుంచి నడుస్తూ, "ఏమే, నములుతున్నావా, మింగుతున్నావా?" అని అడిగేవారు. పెళ్ళిళ్ళలో ఆవిడ పక్కన కూర్చోవాలంటే మాకు హడల్. బంతిలో అందరూ పెరుగన్నం దాకా వచ్చేసరికి ఆవిడ ఇంకా పప్పు దగ్గరే ఉండేవారు. మేడం ఉండగా మనం లేస్తే ఏం బాగుంటుందని మేమూ ఎండిపోయిన చేతులతో కూర్చునేవాళ్ళం. వడ్డించేవాళ్ళు తర్వాతి బంతి కోసం తలుపు దగ్గర నిలబడి గుర్రుగా చూస్తుండేవారు.

మొదటి ఏడాది మొదటి క్లాసుకి ఆవిడ పుస్తకం తెచ్చేవారు కాదు, క్యారేజీ తెచ్చేవారు. అందులో ఉప్పు కూడా లేని ఒట్టి అన్నం. తలా ఒక చిటికెడు పెట్టి, నమలమనీ మింగవద్దనీ అనేవారు. నమిలీ నమిలీ దవడలు లాగేసరికి ఆ చప్పటి అన్నం తియ్యబడేది.

"తియ్యగా అయిందా? అదీ! చక్కెర ఎవరేశారు? మీరే. చెవి కింద రెండు, దవడ కింద రెండు, నాలిక కింద రెండు. ఆరు గ్రంథులు పెట్టుకుని తిరుగుతా, అన్నం అరగలేదని డాక్టరు దగ్గరికి పోతారేందిరా?"

తర్వాత లాలాజలం సేకరించడం. అందరి చేతుల్లో తలా ఒక గాజు గొట్టం. మేడం కిటికీ వైపు తిరిగి నిలబడి మెల్లగా మొదలుపెట్టేవారు. "కొత్త చింతకాయలు. పీచు తీసి ఉప్పూ పసుపూ వేసి రోట్లో తొక్కారు. పండుమిరపకాయలు నూరి కలిపారు. వేడన్నం. మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు…" అక్కడి దాకా రాకముందే గొట్టాలు నిండటం మొదలయ్యేది. ఒక రకంగా చెప్పాలంటే నేను నా జీవితంలో మొదట పేరు తెచ్చుకున్నది ఆ రోజే. క్లాసులో అందరికంటే నా గొట్టమే ఎక్కువ నిండింది. "పిల్ల భోజనప్రియురాలు" అని మేడం మెచ్చుకున్నారు.

ఎలుకంటే ఆవిడకు గౌరవం. దానికి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, అందుకని ఎండ ఎక్కువైతే ఉమ్మి ఊరించుకుని బొచ్చుకు పూసుకుంటుంది, అది ఆరుతుంటే ఒళ్ళు చల్లబడుతుంది అని చెప్పి, "మే నెలలో మాచర్ల బస్సెక్కే మనకి ఆ తెలివి లేదు" అనేవారు. ప్రాక్టికల్స్‌కి కావలసిన తెల్ల ఎలుకలను గుంటూరు నుంచి ఆవిడే స్వయంగా తెచ్చేవారు. చిల్లులు పెట్టిన చెక్కపెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో ముందు సీట్లో కూర్చునేవారు. ఒకసారి నేనూ అదే బస్సులో ఉన్నాను. కండక్టరు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే.

"మేడం, పెట్టెలో ఏదో కదులుతోంది. ఏందండీ?" అన్నాడు టికెట్ కొడుతూ.

"నీ చదువురా. మూడేళ్ళు చదివి బస్సెక్కి మర్చిపోయావుగా, తీసుకెళ్తున్నా."

ఇక నా సంగతి. చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో ఎలుక మెడ మీద మొదటి గాటు పెట్టగానే కళ్ళు తిరిగి ట్రే మీద పడ్డాను. పరీక్ష పోయింది. మళ్ళీ ఏడాదికి గానీ రాయడానికి లేదు. ఈసారి కూడా తప్పితే ఇక చదువు చాలించాలని నాన్న తేల్చి చెప్పాడు. తెలిసినవాళ్ళ మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో నాకు ఉద్యోగం కూడా మాట్లాడి ఉంచాడు. నాకేమో ఎమ్మెస్సీ చదవాలని, మేడంలాగా గడియారం విప్పి సంచిలో వేసుకోవాలని కోరిక. ఆ ప్రాక్టికల్ ఒక్కటీ గట్టెక్కితే చాలు.

ఆ ఏడాదంతా మేడం తన ఖాళీ గంటల్లో నన్ను ల్యాబుకు పిలిపించుకుని భయం పోగొట్టారు. ముందు నెలరోజులూ కత్తి ఇవ్వలేదు. మత్తుతో చనిపోయిన ఎలుకను అరచేతిలో పెట్టుకుని ఊరికే కూర్చోమనేవారు. తర్వాత చెయ్యి పట్టుకుని కోయించారు. మెడ చర్మం విప్పగానే మధ్యలో పక్కపక్కనే ఆనుకుని రెండు పెద్ద గ్రంథులు కనిపిస్తాయి. అవి దవడ కిందివి. వాటి పైకొసలకు అంటుకుని చిన్నవి రెండు, నాలుక కిందివి. ఇక చెవి దాకా పరచుకుని ఉన్న తెల్లటి కొవ్వును పట్టకారుతో లాగి పారేస్తే, చెవి కింద చిక్కుడుగింజంత గ్రంథి ఒకటి బయటపడుతుంది. "ఇదీ మూడోది. పెరోటిడ్. మనిషికి గవదబిళ్ళలొచ్చి వాచేది ఇదే" అని మేడం దాని పక్కన గుండుసూదితో చీటీ గుచ్చేవారు. ఇరవై రెండేళ్ళుగా అలాగే గుచ్చుతున్నారు. మా కాలేజీలో చదివిన ప్రతివాళ్ళూ చెవి కింద కొవ్వు లాగేసి ఆ గింజ పక్కనే చీటీ గుచ్చారు.

నా చెయ్యి భయం వల్ల నిదానం. పరీక్ష వారం రోజులుందనగా ఒక మధ్యాహ్నం, అందరిలాగా కొవ్వును ఒక్క లాగు లాగలేక, ముక్కముక్కగా విడదీస్తూ కూర్చున్నాను. అప్పుడు కనిపించింది. ఆ గింజలోంచి దారంలాంటి నాళం ఒకటి బయలుదేరి చెంప మీదుగా పోతోంది. నోట్లోకి పోవాలి కదా, పోవడం లేదు. కంటి వైపు పోతోంది. ఇంకో విషయం, నేను కొవ్వనుకుని విడదీస్తున్నది కొవ్వులా జారడం లేదు. ఏకిన పత్తిలాగా చిన్న చిన్న తుంపులుగా ఉంది. దాంట్లోంచీ ఒక నాళం దవడ కండ మీదుగా పోయి, నోటి వైపు దిగుతోంది.

"మేడం, ఈ గింజ నోటిది కాదేమోనండీ. దీని గొట్టం కంట్లోకి పోతోంది."

ఆవిడ వంగి కూడా చూడలేదు. "నీ కత్తి పక్కకి జారుంటది."

"లేదండీ, చూడండి…"

"ఏమే, ఇరవై రెండేళ్ళ నుంచీ నేను చూపిస్తుంటే లేంది, పోయినేడు పరీక్షలో పడిపోయినదానివి నువ్వు కనిపెట్టావా? కడుక్కుని ఇంటికి పో."

కడుక్కుని బయటికి వచ్చాను కానీ ఇంటికి పోలేదు, లైబ్రరీకి పోయాను. ఎవరూ ముట్టని ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో ఎలుక తల బొమ్మ దొరికింది. చెవి కింద గింజ కన్నీటి గ్రంథి. ఎలుకకు కంటి దగ్గర ఒకటి, కంటికి దూరంగా చెవి కింద ఇంకొకటి. అసలు పెరోటిడ్ చెవి వెనక నుంచి మెడ దాకా పలచగా, చూసేవాళ్ళకి కొవ్వులాగే పరచుకుని ఉంటుందట. అంటే మా కాలేజీలో ఇరవై రెండు బ్యాచ్‌లు లాలాజల గ్రంథిని చెత్తబుట్టలో వేసి, కన్నీటి గ్రంథికి లాలాజల గ్రంథి అని పేరు పెట్టాయి.

ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. నిజం రాస్తే పరీక్ష పోతుంది, మేడం పరువూ పోతుంది. నా చెయ్యి పట్టుకుని కోత నేర్పిన మనిషి. మేడం చెప్పిందే రాసి బయటపడు అని తోటివాళ్ళందరూ చెప్పారు. నాకూ అదే మంచిదనిపించింది. పరీక్షలో కూర్చుని చీటీ మీద పెరోటిడ్ అనే రాశాను. గుచ్చబోతే చెయ్యి పోలేదు. కళ్ళెదురుగా ఆ నాళం కంటి వైపు పోతుంటే నోటిదని ఎలా గుచ్చను? చించేసి ఇంకో చీటీ మీద కన్నీటి గ్రంథి అని రాసి గింజ పక్కన గుచ్చాను. ఏకిన పత్తి పక్కన పెరోటిడ్ అని గుచ్చాను.

పరీక్ష చేయడానికి వేరే ఊరి కాలేజీ నుంచి వచ్చిన లెక్చరరు కూడా మేడం దగ్గర చదివినవాడే. నా ట్రే దగ్గర ఆగాడు.

"చెవి కిందది కన్నీటి గ్రంథా? ఎవరు చెప్పారమ్మా నీకు?"

ఆయన ఎర్ర పెన్ను తీసి, పక్కన నిలబడిన మేడం వైపు తిరిగి, "మేడం, మీ స్టూడెంటే ఇట్టా రాసిందేంది?" అన్నాడు నవ్వుతూ.

మేడం ఒక్కమాట అంటే చాలు, నేను కోల్డ్ స్టోరేజీకి పోయేదాన్ని. ఆవిడ నా వైపు చూశారు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. అందరి చేతులూ ఆగిపోయాయి. అప్పుడావిడ గడియారం విప్పి సంచిలో వేసుకున్నారు.

"ఆ ట్రే ఇటు జరుపు. భూతద్దం తే."

నా స్టూలు మీద కూర్చుని, నాళం కింద నల్లకాగితం ముక్క దూర్చి, సూదితో తడుముకుంటూ పోయారు. పావుగంట పట్టింది. కంటి దగ్గర సూది ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చి ఆ పత్తి దగ్గర మొదలుపెట్టారు. ఈసారి సూది పళ్ళ దగ్గర ఆగింది. ఆవిడ తలెత్తారు.

"పిల్ల రాసింది రైటు."

"అదేంది మేడం! మీరే కదా నాకు చెప్పింది?"

"చెప్పాను. తప్పు చెప్పాను. నువ్వెంతమందికి చెప్పావు?"

"ఆరేళ్ళ నుంచి చెప్తున్నానండీ" అన్నాడాయన నీరసంగా.

"అయితే కూర్చో. ముందు నువ్వు చూడు."

పరీక్ష చేయడానికి వచ్చినాయన బుద్ధిగా నా స్టూలు మీద కూర్చుని భూతద్దం కన్నుకు పెట్టుకున్నాడు. మిగిలినవాళ్ళ పెరోటిడ్‌లన్నీ అప్పటికే చెత్తబుట్టలో ఉన్నాయి. తప్పు తనది కాబట్టి వాళ్ళకి ఒక్క మార్కు కూడా తగ్గించడానికి వీల్లేదని మేడం పట్టుబట్టి వేయించారు. నాకు మాత్రం, "పేరు బాగానే రాసింది. ఆ కోత చూడు, ఎలుక కొరికినట్టుంది. దానికి తగ్గించు" అన్నారు. తగ్గించినా గట్టెక్కాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆవిడకు అక్కడే మొదలైంది. పాత విద్యార్థి ఎవరు కనబడినా వదిలిపెట్టలేదు. పత్తి మార్కెట్లో, కోర్టు ముందు టీకొట్టు దగ్గర, చర్చి మెట్ల మీద. పెళ్ళి బంతిలో పప్పన్నం నములుతూ ఎదుటి వరసలో కూర్చున్నవాళ్ళకు కేకవేసి మరీ చెప్పేవారు. ఊళ్ళు వదిలి వెళ్ళినవాళ్ళ నంబర్లు కనుక్కుని ఫోన్లు చేశారు. ఒకరోజు నరసరావుపేటలో బస్సు దిగుతూ, వెనక జనం తోసుకుంటుంటే మెట్టు మీదే ఆగిపోయి, ఆ కండక్టరుకు మొత్తం చెప్పి గానీ దిగలేదు. అతను "అట్టాగే మేడం, అట్టాగే" అని రైట్ రైట్ కొట్టాడు.

నేను ఆవిడ వెనకే దిగి అడిగాను. "మేడం, ఎలుక చెవి కింద ఏముంటే ఆ కండక్టరుకి ఏందండీ?"

"వాడికేం అక్కర్లేదు. వాడి తలకాయలో నా గొంతుతో ఒక తప్పు కూర్చోనుంది. అది నాదే కదే? నేను పోయి తీసుకోవద్దూ?"

నాకు ఆవిడ మీద ప్రేమ పుట్టింది ఆ రోజే. అంతకుముందున్నది భయం, కృతజ్ఞత.

తర్వాత నేను ఎమ్మెస్సీ చేసి, గురజాలలో పాఠాలు చెప్పడానికి కుదిరాను. ఇప్పుడు ల్యాబుల్లో ఎలుకలను కోయడం లేదు. కంప్యూటర్లోనే కోత, కంప్యూటర్లోనే చీటీలు. రిటైరయిన చాలా ఏళ్ళకు ఒకసారి మేడం మా కాలేజీకి వచ్చారు. నా పక్కన కూర్చుని ఆ బొమ్మ ఎలుకను చివరి దాకా కోయించి చూశారు.

"బాగుందే. చావు లేదు, వాసన లేదు. ఇంతకీ దీంట్లో తప్పు కోస్తే ఏమైద్ది?"

"తప్పు కోయనివ్వదండీ. ఎర్రదీపం వస్తది."

"మరి దాంట్లోనే తప్పుంటే ఎట్టా దొరుకుద్దే?"

ఆవిడ నవ్వి, మా పిల్లలకు తలా ఒక చిటికెడు ఒట్టి అన్నం పెట్టి వెళ్ళారు.

పోయిన ఏడాది ఆవిడ చనిపోయినప్పుడు మా పాత కాలేజీ హాల్లో సంతాపసభ పెట్టారు. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు, హాలు నిండిపోయింది. వేదిక మీద కాలేజీ కమిటీ పెద్దాయన ఒకరు మాట్లాడారు. ఆవిడను ఆయన ఎప్పుడైనా చూశారో లేదో తెలియదు కానీ బాగా మాట్లాడారు. చివర్లో చెయ్యెత్తి, "ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో విద్యార్థులకు ఒక్కటంటే ఒక్క తప్పు చెప్పని మహనీయురాలు!" అన్నారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక వరసలోంచి, బస్సు చివరిదాకా వినిపించే గొంతు ఒకటి లేచింది. ఖాకీ చొక్కాతోనే వచ్చిన మా కండక్టరు.

"చెప్పిందండీ! ఒకటి చెప్పింది!"

"కూర్చోవయ్యా" అన్నారు పెద్దాయన.

"కూర్చోనండీ. ఒక తప్పు చెప్పింది, బస్సాపి మరీ దిద్దింది. ఆ దిద్దింది చెప్పకుండా పొగిడితే ఆవిడ ఒప్పుకోదు." అతను కళ్ళు తుడుచుకుని, వేలితో తన చెవి కింద చూపించుకున్నాడు. "ఇదుగోండి, ఇక్కడుండేది లాలాజలానిది కాదు, కన్నీళ్ళది!"

హాల్లో ఉన్న రెండు వందల మందీ, ముందు వరసలో తలనెరిసి కూర్చున్న ఆనాటి ఎగ్జామినరుతో సహా, ఒక్క గొంతుతో అరిచారు.

"మనకి కాదురా, ఎలుకకి!"

ఆ కాలేజీలో అంతమంది ఒక్కసారిగా రైటు జవాబు చెప్పడం నేను విన్నది అదొక్కసారే.